బీవోపీ ఉంది కదా అని ధీమా వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

సముద్రంలో ఆయిల్ బావుల గురించి మాటొస్తే చాలు, "అడుగున బీవోపీ ఉంటుంది లెండి, ఏదన్నా అయితే అదే మూసేస్తుంది" అనేస్తారు. (బీవోపీ అంటే బ్లోఅవుట్ ప్రివెంటర్, ఆయిల్, గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొస్తే బావిని మూసేయడానికి దాని నోటి మీద బిగించే పెద్ద వాల్వుల సెట్టు.) ఆ ధీమా చూస్తేనే నాకు భయం.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు కదా, అక్కడ దాదాపు 5000 అడుగుల నీటి కింద బీవోపీ ఉండనే ఉంది. తర్వాత పైకి తీసి చూస్తే తెలిసిందేంటంటే బావి తవ్వే డ్రిల్ పైపు బీవోపీ లోపల వంగిపోయి ఒక పక్కకి ఒరిగింది, పైపుని కోసి బావిని మూయాల్సిన షియర్ ర్యామ్ బ్లేడ్లు మూసుకున్నా పైపు మొత్తం వాటి మధ్య పడలేదు, కొంత తెగి కొంత నలిగి ఇరుక్కుపోయింది, ఆ సందులోంచే ఆయిల్ తన్నుకొచ్చింది. ఇంకో విడ్డూరం వినండి, అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు చూస్తే బీవోపీని నడిపించే రెండు కంట్రోల్ పాడ్లలోనూ (బ్లూ, యెల్లో అని వాటి పేర్లు) వైరింగ్ తప్పే! బ్లూ పాడ్‌లో ఆ తప్పు వల్ల బ్యాటరీ అయిపోయి అది పనికిరాకుండా పోయింది. యెల్లో పాడ్‌లో కూడా ఒక బ్యాటరీ ఫెయిలైంది, అదృష్టం కొద్దీ ఆ లోపం వైరింగ్ తప్పుని కొట్టేసింది కాబట్టి అదొక్కటీ పనిచేసిందట. ప్రాణాలు కాపాడే మెషీన్ నడిచింది ఇలాగా?

వర్క్‌షాపులో నిటారుగా నిలబెట్టిన పైపుని కోసి బీవోపీ పాస్ అంటే ఎలా సార్, వంగిన పైపుని, పక్కకి ఒరిగిన పైపుని, బావి తన్నుతున్నప్పుడు ఉండే ప్రెషర్‌లో కోసి చూపించాలి. 2016లో అమెరికా పైపుని మధ్యకి జరిపి కోసే ఏర్పాటు ఉండాలని రూల్ పెట్టింది, మంచిదే, కానీ బ్యాటరీలు, వైరింగ్ నీళ్లలోకి దించే ముందు ఎవరు చెక్ చేశారు, రిజల్ట్ ఏంటి అన్నది కూడా కంపెనీ ఫైల్లో దాచకుండా బయటపెట్టాలి.

లీకయ్యాక ఆపడం ఇంకో కథ. అప్పుడు పెద్ద ఇనుప డోమ్ దించితే అందులో హైడ్రేట్లు (గ్యాస్, నీళ్లు కలిసి అయ్యే గడ్డలు) మంచులా గడ్డకట్టి దారి మూసేశాయి, తర్వాత పైనుంచి మడ్ (బావుల్లో వాడే బరువైన బురద లాంటి ద్రవం) కొట్టినా ఆగలేదు, చివరికి క్యాపింగ్ స్టాక్, అంటే బావికి మూతలా బిగించే వాల్వుల సెట్టు, బిగించాక జులై 15న ఆగింది, అంటే 87 రోజులు. ఇప్పుడు అలాంటి క్యాపింగ్ స్టాకులు ముందే చేసి ఉంచుతున్నారు, సంతోషం. కానీ యార్డులో ఉంటే సరిపోదు కదా, మోసే ఓడ, దించే క్రేన్, విరిగిన ముక్కలు తీసే రోబోలు అన్నీ ఒకేసారి దొరకాలి, పైగా ఆ బావి వెల్‌హెడ్‌కి (బావి పై మూతి భాగానికి) ఆ స్టాక్ సరిగ్గా కూర్చోవాలి. ఇవన్నీ కలిపి నిజంగా సముద్రంలోకి దించి ఒకసారి రిహార్సల్ చేసి చూపించనిదే కొత్త బావికి పర్మిషన్ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇట్లు,
మీ పాఠకుడు