గ్రైండర్ కింద హార్డ్ డిస్కులు

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫయ్యేళ్లు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ణి. 2013 జూలైలో లండన్‌లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాలున్న హార్డ్ డిస్కులను గార్డియన్ పత్రికవాళ్లే తమ ఆఫీసు సెల్లార్‌లో గ్రైండర్లతో, డ్రిల్లింగ్ మిషన్లతో ముక్కలు చేయాల్సి వచ్చింది. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ మనుషులిద్దరు పక్కనే నిలబడి చూశారు. కాపీలు వేరే దేశంలో ఉన్నాయని చెప్పినా ప్రభుత్వం వదల్లేదు.

ఈ బెదిరింపు కంటికి కనబడింది. నిఘా సంస్థలు పత్రికలోనే తమవాళ్లను పెట్టుకుంటే? సుమారు 50 మంది అమెరికన్ విలేకరులకు, మీడియా ఉద్యోగులకు సీఐఏతో రహస్య సంబంధాలున్నాయని 1976లో అమెరికా సెనేట్ విచారణ సంఘం చర్చ్ కమిటీ తేల్చింది. పేర్లు మాత్రం బయటపెట్టలేదు. వాళ్ల వార్తల్లో అచ్చుతప్పులు నాలాంటివాడే దిద్ది ఉంటాడు. అబద్ధాన్ని ఎలా పట్టుకోగలడు?

మీ విలేకరులెవరూ నిఘా సంస్థల దగ్గర డబ్బు తీసుకోకూడదన్న నియమం ఉంటే, దయచేసి దాన్ని పాఠకుల కోసం అచ్చువేయండి.

– ఒక రిటైర్డ్ ప్రూఫ్ రీడర్