గజం దూరంలో ఆగిపోయాం: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జనవరి 10 ఓటమి తర్వాత మన వాట్సాప్ గ్రూపు చదివితే, మన అభిమాన జట్టు టెక్సస్ లాంగ్‌హార్న్స్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఈ ఏడాది ఒక్క ఆటా గెలవలేదేమో అనిపిస్తుంది. అందుకని ముందు లెక్క చెప్పేస్తాను. మనవాళ్లు 16 ఆడి 13 గెలిచారు. ఓడిన మూడింటిలో రెండు జార్జియా చేతిలో, మూడోది చివరికి ఛాంపియన్ అయిన ఒహాయో స్టేట్ చేతిలో. ఎస్‌ఈసీ అనే కాలేజీ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే ఆ లీగ్ ఫైనల్ ఆడి, ఓవర్‌టైమ్‌లో జార్జియాకి 22-19తో పోగొట్టుకున్నారు. 2021లో 5 గెలిచి 7 ఓడి, సొంత స్టేడియంలో కాన్సస్‌కి 57-56తో దొరికిపోయిన రోజున "ఇక నేను చూడను" అని ఒట్టేసుకున్నవాళ్లు మన కమిటీలోనే ఉన్నారు, పేర్లు రాయను.

కార్యక్రమాల సంగతికొస్తే, ఆగస్టులో కొత్తగా పిల్లల్ని ఆస్టిన్ పంపిన అమ్మానాన్నల కోసం ఆట నియమాల క్లాసు పెట్టాం. క్రికెట్ తప్ప ఇంకేదీ చూడనివాళ్లకి ఫోర్త్ డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో చివరిది) అర్థమయ్యేలా చెప్పడం అంత తేలికేం కాదు, అయినా వచ్చినవాళ్లు శ్రద్ధగా విన్నారు. అక్టోబరు 19న జార్జియా ఆటకి కొందరం ఆస్టిన్ వెళ్లాం, 30-15తో ఓడి వచ్చాం. రిఫరీల మీద కోపంతో మైదానంలోకి సీసాలు విసిరిన రోజు అదే. విసిరినవాళ్లలో మనవాళ్లెవరూ లేరనే నమ్ముతున్నాను. నవంబరు 30న కాలేజ్ స్టేషన్ ఊరి యూనివర్సిటీ టెక్సస్ ఎ అండ్ ఎంతో ఆట, 2011 తర్వాత ఇదే మొదటిసారి. ఒకే ఇంట్లో అన్న ఆస్టిన్‌లో, తమ్ముడు కాలేజ్ స్టేషన్‌లో చదివే కుటుంబాలు మనలో ఉన్నాయి కదా, వాళ్లని హాల్లో చెరోవైపు కూర్చోబెట్టాల్సి వచ్చింది. 17-7తో మనదే పైచేయి అయింది, బిర్యానీ మాత్రం అందరూ కలిసే తిన్నారు.

జనవరి 1న అరిజోనా స్టేట్‌తో పీచ్ బౌల్, అంటే ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్, గుర్తుందా? ఆట చివర్లో మన కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం) మిస్ చేశాడు. ఓవర్‌టైమ్‌లో ఫోర్త్ డౌన్, 13 గజాలు కావాలి, అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ఎవర్స్ వేసిన బంతిని మాథ్యూ గోల్డెన్ పట్టుకుని 28 గజాల టచ్‌డౌన్ కొట్టాడు, రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో గెలిచాం. ఈ లోపు గ్రూపులో ఆ కిక్కర్‌ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కమిటీలో దీనిమీద గట్టిగానే వాదన జరిగింది. ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లకీ డబ్బులొస్తున్నాయి, మాటలు పడాల్సిందే అన్నారు కొందరు. ఆట బాగాలేదంటే బాగాలేదనండి, కోచ్ సార్కిసియన్‌ని ఎంతైనా విమర్శించండి, కానీ మన పిల్లల వయసు కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్లి బూతులు రాసేవాళ్లని గ్రూపు నుంచి తీసేస్తాం. ఇది తీర్మానం, ఇప్పటినుంచే అమల్లోకి వచ్చింది.

ఇక కాటన్ బౌల్, జనవరి 10న ఒహాయో స్టేట్‌తో సెమీఫైనల్. మంచు వల్ల హాలు మూసేశారు, ఆర్లింగ్టన్ వెళ్లే ధైర్యం కొందరికే ఉంది, మిగతావాళ్లం ఒక సభ్యుడి ఇంట్లో ఇరుక్కుని చూశాం. 21-14తో వెనకబడి ఉన్నాం, బంతి గోల్ గీతకి గజం దూరంలో ఉంది, నాలుగు అవకాశాలున్నాయి. మొదటిదానికి కదల్లేదు. రెండోదానికి బంతిని పక్కకి విసిరారు, దాన్ని అందుకున్న మన విస్నర్‌ని ఏడు గజాలు వెనక్కి పడేశారు. గజం దూరంలో ఉండి పక్కకి విసరడమేంటని నేను ఇప్పటికీ అడుగుతున్నాను, ఆ విషయంలో మాత్రం నన్ను సముదాయించొద్దు. నాలుగోదానికి వాళ్ల జాక్ సాయర్ వెనకనుంచి వచ్చి ఎవర్స్ చేతిలో బంతి రాలగొట్టి, అది పట్టుకుని 83 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఒకప్పుడు ఒహాయోలో ఎవర్స్‌కి రూమ్మేట్ అతనే. పులిహోర ప్లేటు పట్టుకున్న ఒక పిన్నిగారు "ఇంకా టైముందా?" అనడిగారు. రెండు నిమిషాల పదమూడు సెకన్లుంది. 28-14తో ముగిసింది. చేతికందింది నోటికందలేదు.

తెల్లవార్లూ మేలుకుని చూసిన 2023 అహ్మదాబాద్ ఫైనల్ కంటే ఇది నయమేలే అన్నారు ఒక పెద్దాయన. నాకు మాత్రం ఒహాయో స్టేట్ సంగతే ఎక్కువ గుర్తొస్తుంది. అదే నవంబరు 30న వాళ్లు సొంతగడ్డమీద మిషిగన్‌కి 13-10తో ఓడారు, కోచ్ ర్యాన్ డేని తీసెయ్యమని గోల. ప్లేఆఫ్‌కి 12 జట్లు కాక పాత పద్ధతిలో నాలుగే అయితే వాళ్లకి చోటే ఉండేది కాదు. జనవరి 20న కప్పు వాళ్లదే. కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయి ఎఫ్‌బీఎస్‌లో ఆ ఏడాది 134 జట్లున్నాయి, చివరాట గెలిచి కప్పెత్తేది ఒక్కటే. మనం చివరిసారి గెలిచిన ఆ రాత్రి, 2006 జనవరి 4న మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ పరుగు, దాన్ని చూసినవాళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నారు.

ఓటమి తర్వాత మూడో రోజే భోగి. రద్దు చేద్దామని ఒకరిద్దరు అన్నారు, చెయ్యలేదు. నారింజ రంగు జెర్సీలోనే ఒక బుడ్డోడికి భోగిపళ్లు పోశారు, వాడు చిల్లర ఏరుకునే హడావిడిలో ఉన్నాడు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. ఎవర్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (ప్రొఫెషనల్ లీగ్‌కి) వెళ్తున్నాడు, ఇక క్వార్టర్‌బ్యాక్‌గా ఆర్చ్ మానింగ్ వంతు. 2025 ఆగస్టు 30న మొదటి ఆటే కొలంబస్‌లో, మళ్లీ ఒహాయో స్టేట్‌తోనే. హాలు బుక్ చేస్తున్నాం, చందాలు జూలైలోపు కట్టండి. ప్రొజెక్టర్ కేబుల్ ఎవరింట్లో ఉందో దయచేసి తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి