తేలే నగరానికి మున్సిపాలిటీ ఎక్కడ?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ‘సముద్రం మీద తేలే నగరం’ అంటూ రెండు పేజీల నిండా పరిచిన క్రూయిజ్ (విహార ఓడ) వ్యాసం గురించి ఈ లేఖ. ఈపాటికి చాలామంది దాన్ని మరిచిపోయి ఉంటారు. నేనూ వదిలేద్దామనే అనుకున్నాను. కానీ మొన్న అలాంటి ఓడ బొమ్మే మీ పత్రికలో ఇంకో పేజీలో కనబడింది, ఈసారి ప్రకటనగా. తేడా ఏమిటా అని రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రకటనే నయం. కింద చీమ తలకాయంత అక్షరాల్లోనైనా ‘షరతులు వర్తిస్తాయి’ అని వేశారు.

రాయల్ కరీబియన్ కంపెనీవారి ఆ ఓడ, ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’, కొలతలన్నీ మీ విలేకరి బట్టీపట్టినట్టు అప్పజెప్పారు. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలు, 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు (అంతస్తులు), 7 ఈతకొలనులు, 6 వాటర్ స్లయిడ్లు. సరే, బాగుంది. ఓడ నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు చాకిరీ చేసేవాళ్లు 2,350 మంది. దాదాపు పదివేల జనాభా. ఊరే, కాదనను. మరి ఊరి గురించి రాయడానికి వెళ్లిన విలేకరి మురుగు ఎటు పోతోందో, నేరం జరిగితే పోలీసులెవరో, పనివాళ్ల జీతాలెంతో, పన్నులు ఎవరికి కడుతున్నారో అడగొద్దా? పార్కులో మొక్కలు లెక్కపెట్టుకుని వచ్చేశారు.

మురుగుతోనే మొదలుపెడతాను. ఓడల కాలుష్యంపై ‘మార్పోల్’ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం తీరానికి 12 నాటికల్ మైళ్లు (సుమారు 22 కిలోమీటర్లు) దాటాక, ఓడ కనీసం 4 నాట్ల (గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల) వేగంతో కదులుతూ ఉంటే, ట్యాంకుల్లో నిలవచేసిన మురుగును శుద్ధి చేయకుండానే కొద్దికొద్దిగా సముద్రంలోకి వదలొచ్చు. బాల్టిక్ సముద్రంలో మాత్రం ప్రయాణికుల ఓడలకు ఈ వెసులుబాటు తీసేశారు. కొత్త ఓడల్లో మంచి శుద్ధి యంత్రాలే ఉంటాయని కంపెనీలు చెబుతాయి, నిజమే కావచ్చు. యంత్రం ఉండటం వేరు, దాన్ని నడపడం వేరు. చమురు కలిసిన వ్యర్థజలాన్ని దొంగ గొట్టం పెట్టి సముద్రంలోకి వదిలి, ఆ సంగతి దాచిన కేసులో ప్రిన్సెస్ క్రూయిజెస్ అనే మరో ఓడల కంపెనీ 2016లో నేరం ఒప్పుకుని 4 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. ఆ శిక్ష తాలూకు ప్రొబేషన్ నడుస్తుండగానే షరతులు మీరినందుకు మాతృసంస్థ కార్నివాల్ 2019లో మరో 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. రెండు పేజీల వ్యాసంలో దీనికి రెండు వాక్యాల చోటు దొరకలేదా?

పైగా ఈ ‘ఐకాన్’ ఎల్‌ఎన్‌జీతో (ద్రవరూప సహజవాయువుతో) నడుస్తుంది కాబట్టి ‘పచ్చని ఓడ’ అట! ఆ ఇంధనంలో అధికభాగం మీథేనే. ఇంజన్‌లో పూర్తిగా కాలకుండా కొంత గాలిలోకి జారిపోతుంది. ఇరవయ్యేళ్ల లెక్కన చూస్తే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా వేడి పుట్టించే వాయువు అది. పెయింట్ పచ్చగా ఉందేమో మరి.

ఇక ఈ నగరం ఎవరిది? రాయల్ కరీబియన్ కార్యాలయం మయామీలో, కంపెనీ రిజిస్ట్రేషన్ లైబీరియాలో, ఓడ మీద జెండా బహామాస్‌ది, తయారైంది ఫిన్లాండులో. చట్టరీత్యా తప్పేమీ లేదు, అదే కదా అసలు బాధ. నడిసముద్రంలో నేరం జరిగితే దర్యాప్తు ప్రధానంగా ఆ జెండా దేశం, అంటే ఓడ నమోదైన దేశం, బాధ్యత. 2010లో అమెరికా ప్రత్యేక చట్టం చేస్తే గానీ తమ రేవుల్లో ప్రయాణికులను ఎక్కించుకునే ఓడల క్యాబిన్ తలుపులకు బయటికి చూసే రంధ్రం, డెక్కు అంచున 42 అంగుళాల రెయిలింగు తప్పనిసరి కాలేదు. సిబ్బంది సంగతి ఇంకా ముచ్చట. వారానికి 72 గంటలదాకా పనిచేయించుకోవడానికి అంతర్జాతీయ నిబంధనలే ఒప్పుకుంటాయి. నెలల తరబడి ఒప్పందం, వారానికో సెలవు అనే మాటే లేదు. వాళ్లకిచ్చే టిప్పు కూడా రోజుకింత అని మన బిల్లులోనే ముందుగా వేసేస్తారు. 2020లో కరోనాతో ఓడలు ఆగిపోయినప్పుడు ప్రయాణికులు ఎలాగోలా ఇళ్లు చేరారు. సిబ్బందిలో వేలమంది నెలల తరబడి ఓడల్లోనే ఉండిపోయారు.

నేనేమీ ఓడ ఎక్కకుండా తిడుతున్నవాణ్ని కాదు. ఎక్కాను, పేరు చెప్పను. కిటికీలేని క్యాబిన్ ఇచ్చారు. గోడమీద తెరలో సముద్రం కనిపిస్తుంది, కెమెరా పంపే బొమ్మ! అసలు సముద్రం చూద్దామని తెల్లారకముందే పైకి వెళితే కొలను చుట్టూ ఉన్న ప్రతి కుర్చీ మీదా ఒక టవల్, ఒక చెప్పు. మనుషులు మాత్రం లేరు. వాళ్లు పదింటికి దిగుతారు.

అది నవ్వుకుని వదిలేయొచ్చు. ప్రమాదమొస్తే ఏం చేయాలో నేర్పే భద్రతా డ్రిల్లు అలా కాదు. ఫోన్‌లో వీడియో చూసి, మన గుమికూడే చోటికి వెళ్లి కార్డు చూపిస్తే అయిపోయింది. నా పక్కనున్న పెద్దమనిషి వీడియో శబ్దం ఆపేసి, అది నడుస్తుండగానే డ్రింకు ఆర్డర్ ఇచ్చాడు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా జిలియో దీవి దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి డ్రిల్లు ఇంకా జరగనే లేదు, 24 గంటల్లోపు జరిపితే చాలని అప్పటి నిబంధన. అంతమంది పోయాక గానీ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే జరపాలని మార్చలేదు. ఇప్పుడు దాన్నీ ఇలా తేల్చేస్తున్నారు.

అధికారుల తీరూ అంతే, ఏ దేశమైనా ఒకటే. రేవు లోతు చేయడానికి ప్రజల సొమ్ము, రిబ్బన్ కత్తిరించడానికి మంత్రిగారు. జనం దిగుతారు, వ్యాపారం పొంగిపొర్లుతుందంటారు. తిండికి ముందే డబ్బు కట్టేసినవాడు ఊళ్లో హోటల్‌కి ఎందుకెళ్తాడు? బహామాస్‌లో కోకోకే లాగా కంపెనీలే సొంత దీవులు పెట్టుకున్నాక ఒడ్డున పెట్టే ఖర్చూ వాళ్ల జేబులోకే. వెనిస్‌లో 2019 జూన్‌లో ఒక భారీ ఓడ అదుపు తప్పి రేవునూ పర్యాటకుల పడవనూ గుద్దింది. పెద్ద ఓడలను జుదెక్కా కాలువలోకి రానివ్వకుండా ఆపడానికి 2021 ఆగస్టుదాకా పట్టింది. అమెరికాలో కీ వెస్ట్ జనం 2020లో పెద్ద ఓడలు వద్దని ఓట్లేస్తే, మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ తీర్పును చెత్తబుట్టలో వేసింది.

ఇవేవీ రహస్యాలు కావు. మీ విలేకరి ఒక పూట కూర్చుంటే దొరికేవే. ఒకప్పుడు మీ పత్రికలో చిన్న వార్తకు కూడా అటువైపు వాదన ఉండేది. ఇప్పుడు కంపెనీ కరపత్రానికి శీర్షిక మార్చి అచ్చేస్తున్నారేమోనని అనుమానం. ఇంతకీ ఆయన టికెట్ ఎవరు కొన్నారు? పత్రికా, కంపెనీయా? ఒక్క ముక్క అచ్చేయండి చాలు.

చోటు చాలక ఈ లేఖను కత్తిరించాల్సి వస్తే టవళ్ల సంగతి తీసేయండి. మురుగు సంగతి ఉంచండి.

ఇట్లు,
మీ పాత చందాదారు