బ్యాచ్ అంటే పాసైనవారేనా?

సంపాదకులకు,

వేసవి వచ్చిందంటే జిల్లా ఎడిషన్‌లో ఏదో ఒక ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఫొటో లేని రోజు ఉండదు. సిరిసిల్ల ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 1991-92లో పదో తరగతి చదివిన మా ఫొటో కూడా ఈమధ్యే మీ పత్రికలో వచ్చింది. వెనుక వరుసలో కళ్లు మూసుకుని ఉన్న నలుగురిలో నేనూ ఒకణ్ణి. ఆ ఫొటో కింద ‘బ్యాచ్ అంతా ఒక్కచోట’ అని వేశారు. తప్పు మీ విలేకరిది కాదు, రాసిచ్చిన మాదే. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ రోజు వచ్చిన మగవాళ్లమంతా యాభైకి దగ్గరపడినవాళ్లం, పిల్లల తండ్రులం. పరిచయ కార్యక్రమంలో ఒక్కొక్కరం లేచి మా గురించి చెప్పుకోవలసింది పోయి, అమ్మాయి ఎంబీబీఎస్ సీటు గురించి, అమెరికాలో ఎంఎస్ చేస్తున్న అబ్బాయి గురించి చెప్పాం. చెప్పుకోవడానికి అలాంటివేవీ లేనివారు ‘అంతా మంచిదే’ అని చప్పున కూర్చున్నారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద భోజనాల దగ్గర, జేబుల్లోంచి షుగరు మాత్రలు బయటికి వచ్చాక గాని అసలు మాటలు మొదలు కాలేదు. కూతురి పెళ్లికి ఎకరం అమ్మకానికి పెట్టిన సంగతి, ఇంట్లో కొడుకు ముఖం చూసి మాట్లాడని సంగతి, అన్నదమ్ములకు కూడా చెప్పుకోలేనివి, ‘అరేయ్’ అని పిలిచేవాళ్ల మధ్య బయటపడ్డాయి.

శాలువా కప్పించుకున్న మా లెక్కల మాస్టారు మేమిచ్చిన జాబితా చూస్తూ హాజరు పిలిచారు. సగంలో ఆగి, నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్లవాడి పేరు చెప్పి, వాడేడి అని నన్నే అడిగారు. జాబితాలో ఆ పేరు లేదు. ఎందుకు లేదంటే, మేము బ్యాచ్ అనుకున్నది పది పాసైనవారిని మాత్రమే.

అప్పట్లో ఫలితాలంటే పత్రికలో అచ్చయ్యే హాల్‌టికెట్ నంబర్లు. బస్టాండులో పేపరు నేలమీద పరిచి వేలు పెట్టి వెతికితే నా నంబరు ఉంది, దాని పక్కన ఉండవలసిన అతని నంబరు లేదు. తరువాత వచ్చిన మెమోలో అతనికి లెక్కల్లో 31, పాసు మార్కు 35. నాకు హిందీలో 22 వస్తే పాసయ్యాను, ఎందుకంటే అప్పట్లో హిందీకి 20 వస్తే చాలు (ఈ సంగతి మా అబ్బాయికి ఇప్పటికీ చెప్పలేదు). మార్చి పోతే సెప్టెంబరు ఉందని అందరూ అన్నారు గాని, సెప్టెంబరు నాటికి అతను మహారాష్ట్రలోని భివండీలో సాంచెల (మరమగ్గాల) మీద ఉన్నాడు.

ఇప్పుడు సిరిసిల్లలోనే ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లు సాంచెల మోతలో పనిచేసినందువల్ల కాబోలు, ఫోనులో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. ‘నేనెట్ల వస్తరా, నేను పాసే కాలేదు గద’ అన్న మాట మాత్రం మెల్లగా అన్నాడు. మీ పత్రికలో ఫొటో చూసి అతని బిడ్డ, ‘బాపూ, ఇది నీ బడే గదా, ఇండ్ల నువ్వు లేవేంది’ అని అడిగిందట. ఆ దినం షిఫ్టు ఉండెనని చెప్పాడట.

సమ్మేళనాలు జరిపేవారికి నా మనవి ఒక్కటే. వాట్సాప్ గ్రూపు చూసి కాక, బడిలోని అడ్మిషన్ రిజిస్టరు చూసి జాబితా రాసుకోండి. మేము ఆలస్యంగా ఆ పని చేస్తే, ఎనిమిదో తరగతిలో మాతో ఉండి తరువాత టీసీ కూడా తీసుకోకుండా బడి మానేసినవారి పేర్లు పదకొండు దొరికాయి. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు, పెళ్లిళ్లై ఊళ్లు మారినవారు. వారి కోసం పుట్టిళ్లలో ఆరా తీస్తున్నాం. తలా రెండు వేల చందా కూడా ఆలోచించవలసిందే. రోజు కూలీ వదులుకుని వచ్చేవాడికి ఒకే రంగు టీషర్టు, మెమెంటో, ఫ్లెక్సీ ఖర్చులో వాటా ఎందుకు? ఇవ్వగలిగినవారు పేరు చెప్పకుండా ఎక్కువ ఇస్తే సరిపోతుంది. గల్ఫ్‌లో ఉన్నవారికి సెలవు వారి చేతిలో ఉండదు కాబట్టి, వారు వచ్చినప్పుడు చిన్నగా మరోసారి కలిసినా తప్పు లేదు.

ఆ పాత రిజిస్టర్లు బీరువాల్లో చెదలు పట్టకముందే పూర్వ విద్యార్థులను ఒకసారి చూడనివ్వవలసిందిగా ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. మా మాస్టారు కూడా వస్తానన్నారు కనుక దసరా మరునాడు మళ్లీ కలవబోతున్నాం. ఆ రోజు సాంచెలు ఎలాగూ బందుంటాయని చెప్పింది నా బెంచీ మిత్రుడే.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి,
రాజన్న సిరిసిల్ల జిల్లా