బిగుతు జాకెట్టుతో కాన్సర్ రాదు

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే దుకాణం నాది. ఈమధ్య కొలతలు ఇస్తూ చాలామంది "కొంచెం లూజుగా కుట్టు అక్కా, బిగుతుగా వేసుకుంటే రొమ్ము కాన్సర్ వస్తుందట" అంటున్నారు. నల్ల బ్రా వద్దని ఇంకొకరు. అన్నీ వాట్సాప్‌లో వచ్చినవే. బిగుతుకీ రంగుకీ ఈ జబ్బుతో సంబంధం లేదు. లూజుగా కుట్టడం నాకేం కష్టం కాదు గానీ, పట్టించుకోవాల్సినవి ఈ గోలలో పక్కకు పోతున్నాయి.

పెళ్లి జాకెట్టుకు పక్కల లోపల గుడ్డ వదిలి కుడతాం, ముందు ముందు విప్పుకోవచ్చని. పిల్లలు పుట్టాక ఒక కుట్టు విప్పుతాం, నలభై దాటాక రెండోది. యాభై దాటినవాళ్లు తెస్తే విప్పడానికి లోపల గుడ్డే ఉండదు. "వయసు కదమ్మా, ఒళ్లు రాదా" అని నవ్వేస్తారు. ముట్లు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తయారీ దాదాపు మానేస్తాయి. అప్పుడు దాన్ని ఎక్కువగా తయారు చేసేది ఒంట్లోని కొవ్వే. కొవ్వు పెరిగితే ఈస్ట్రోజనూ పెరుగుతుంది, దాంతో రొమ్ము కాన్సర్ రిస్కూ పెరుగుతుంది. నడక మొదలుపెట్టాల్సింది షుగర్ వచ్చాక కాదు, రెండో కుట్టు విప్పించుకునే నాటికే.

బాలింతలు ముందు హుక్కులతో కుట్టమంటారు. మూడు నెలలు తిరక్కుండానే కొందరు వెనక హుక్కులకు మారిపోతారు, డబ్బా పాలు అలవాటు చేశామని. పిల్లలందరికీ కలిపి పాలిచ్చిన ప్రతి ఏడాదికీ తల్లికి ఈ రిస్కు సుమారు 4 శాతం తగ్గుతుంది. ఉద్యోగానికి వెళ్లే అమ్మాయిని నేనేమీ అనను. ఇంటిపట్టున ఉన్న కోడలికి కూడా పాలు చాలడం లేదని అత్తగారే డబ్బా తెప్పిస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. మందు సంగతి మా దుకాణంలో ఎవరూ ఎత్తరు, కానీ కొద్దిగా తాగినా రిస్కు పెరిగేదే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాళ్లకూ రావచ్చు. అందుకే పరీక్ష ముఖ్యం. ముంబై టాటా మెమోరియల్ కాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లు నడిపిన పరిశోధనలో లక్షన్నర మంది ఆడవాళ్లున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూసిన చోట, 50 దాటినవాళ్లలో ఈ కాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. రొమ్ముకు ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ మిషను లేకుండానే.

30 దాటిన ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష ప్రభుత్వ పథకంలోనే ఉంది, ఉచితం. అమ్మకో అక్కకో చిన్న వయసులోనే వచ్చి ఉంటే 30 దాకా ఆగకుండా డాక్టర్ని అడగాలి. గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా ఐదేళ్ల లెక్క చూడకుండా వెంటనే వెళ్లాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ పరీక్ష ఉందని తెలిసినవాళ్లే తక్కువ.

మీ జిల్లా పేజీలో కరెంటు కోతల వేళలు వేస్తారు కదా, అలాగే ఏ ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు, ఎన్నింటికి ఈ పరీక్ష చేస్తారో కనుక్కుని వేయండి. చూసేది నర్సమ్మేనని కూడా రాయండి, సగం మంది ఆగిపోయేది ఆ మొహమాటం దగ్గరే.

– ఒక లేడీస్ టైలర్, తెనాలి