అత్త కొట్టిన కుండ, కోడలు కొట్టిన కుండ

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం ఆటల పేజీలో అమెరికా క్రీడాకారుల గొడవల మీద ఒక కథనం వేశారు. "మైదానంలో రౌడీలు" అని హెడ్డింగు. కింద ఆరు ఫొటోలు, ఆరూ నల్లవాళ్లవే. ఎవరో కూర్చుని కావాలని ఏరారని నేననను, ఏజెన్సీ నుంచి వచ్చినవి వచ్చినట్టు పెట్టేసి ఉంటారు, రాత్రిపూట డెస్కులో ఎంత హడావిడి ఉంటుందో మా బాబాయి చెబుతుంటే విన్నవాణ్ణే. కానీ మా అమ్మ ఆ పేజీని తెనాలి నుంచి వాట్సాప్‌లో పంపించి, "పిల్లాణ్ణి ఈ ఆటకేనట్రా పంపిస్తున్నది, జాగ్రత్త నాన్నా" అని రాసింది. అప్పుడనిపించింది మీకు ఉత్తరం రాయాలని.

నేను మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో ఉంటాను. డెట్రాయిట్ పక్కనే. కార్ల కంపెనీల పుణ్యమా అని ఇక్కడ మన తెలుగువాళ్లకు లోటు లేదు. ట్రాయ్ నుంచి ఆబర్న్ హిల్స్ కారులో పావుగంట. అక్కడే "ప్యాలెస్" అని పెద్ద బాస్కెట్‌బాల్ స్టేడియం ఉండేది, 2020లో పేల్చి కూల్చేశారు. మీ కథనంలో మొదటి ఫొటో అక్కడిదే. 2004 నవంబర్ 19 రాత్రి, డెట్రాయిట్ పిస్టన్స్‌కీ ఇండియానా పేసర్స్‌కీ మ్యాచ్, ఇంకా 45.9 సెకన్లే మిగిలి ఉంది, ఇండియానా పదిహేను పాయింట్ల ముందుంది, అంటే ఆట ఎప్పుడో అయిపోయినట్టే. ఇండియానా ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ వెనక నుంచి గట్టిగా ఫౌల్ చేశాడు, డెట్రాయిట్ ఆటగాడు బెన్ వాలెస్ తిరగబడి రెండు చేతులతో వాణ్ణి తోశాడు, తోపులాట జరిగింది, ఆర్టెస్ట్ వెళ్లి స్కోరర్ల బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాసేపుంటే చల్లారిపోయేదే. ఈలోగా స్టాండ్స్‌లోంచి ఎవడో డ్రింక్ కప్పు విసిరాడు, అది సరిగ్గా ఆర్టెస్ట్ గుండెల మీద పడింది. అంతే, మనిషి లేచి మెట్లెక్కి జనంలోకి పోయాడు. పోయి పట్టుకున్నది కూడా వేరేవాణ్ణి, విసిరినవాణ్ణి కాదు.

తప్పేనా? తప్పే. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాళ్ల మీదికి ఆటగాడు వెళ్లకూడదు, కప్పు పడినా, బూతు పడినా. ఆర్టెస్ట్‌కి 86 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, సుమారు 50 లక్షల డాలర్ల జీతం పోయింది. కప్పు విసిరినాయనకీ కోర్టులో 30 రోజుల జైలు పడింది, ఆయన తెల్లవాడు, ఆయన ఫొటో మీ పేజీలో లేదు.

ఇప్పుడు ఇదే ఊరివి ఇంకో రెండు కథలు చెబుతాను.

డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు టైగర్స్‌కి టై కాబ్ అని ఒక మహా ఆటగాడు ఉండేవాడు. 1912 మే 15న న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు తెగ తిడుతున్నాడని స్టాండ్స్‌లోకి దూకి ఆయన్ని చితకబాదాడు. ఆ ప్రేక్షకుడికి ప్రమాదంలో ఒక చెయ్యి పూర్తిగా, రెండో చేతికి మూడు వేళ్లు పోయాయి. చేతుల్లేని మనిషిని కొట్టాడన్నమాట. ఇంతకీ కాబ్‌కి అంత ఒళ్లు మండిన తిట్టేమిటంటే, నీ ఒంట్లో నల్లవాళ్ల రక్తం ఉంది అన్నట్టు అన్నాడట. మొదట ఎన్నాళ్లో చెప్పకుండా సస్పెండ్ చేశారు. అది అన్యాయమని జట్టంతా సమ్మె చేసింది, దొరికినవాళ్లతో మ్యాచ్ ఆడించి ఫిలడెల్ఫియా చేతిలో 24-2తో చిత్తుగా ఓడారు. చివరికి శిక్ష పది రోజులు, 50 డాలర్ల జరిమానా. ఇవాళ డెట్రాయిట్ బేస్‌బాల్ స్టేడియంలో కాబ్ విగ్రహం ఉంది, స్లైడ్ చేస్తూ కాలు గాల్లో పెట్టి. మావాళ్లందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు. నేనూ దిగాను.

రెండోది హాకీ. మన హాకీ కాదు, ఐస్ హాకీ. మా ఆఫీసులో నా పక్క సీటాయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాడు, చాలా మంచివాడు, నాకు మంచులో కారు నడపడం నేర్పింది ఆయనే. ఆయన సీటు వెనక ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్న ఫొటో ఒకటుంది. 1997 మార్చి 26, డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్‌కీ కొలరాడోకీ మ్యాచ్. అందులో మా రెడ్ వింగ్స్ ఆటగాడు డారెన్ మెకార్టీ, కొలరాడో ఆటగాడు క్లోడ్ లెమ్యూని మంచు మీద పడేసి పిడిగుద్దులు గుద్దుతున్నాడు, లెమ్యూ తాబేలులా ముడుచుకుని ఉన్నాడు. అంతకు ముందు ఏడాది లెమ్యూ వెనక నుంచి గుద్ది క్రిస్ డ్రేపర్ అనే మా జట్టు ఆటగాడి ముఖం బద్దలు కొట్టాడు, దానికి పగ ఇది. ఆ రాత్రి గోల్‌కీపర్లు కూడా వదల్లేదు, మధ్యలోకి వచ్చి మరీ కొట్టుకున్నారు. మెకార్టీని బయటికి పంపలేదు, సస్పెండూ చెయ్యలేదు. పెనాల్టీ ముగించుకుని వచ్చి ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కూడా వాడే కొట్టాడు. ఆ ఏడాది 42 ఏళ్ల తర్వాత డెట్రాయిట్‌కి స్టాన్లీ కప్, అంటే ఐస్ హాకీలో అసలు కప్పు, వచ్చింది. ఈ కథ చెబుతుంటే మా పక్క సీటాయన కళ్లు మెరుస్తాయి. అదే ప్యాలెస్ గొడవ మాటెత్తితే తల అడ్డంగా ఊపి "థగ్స్" (రౌడీలు) అంటాడు.

నేను ఒకసారి ఆయనతోనే హాకీ మ్యాచ్‌కి వెళ్లాను. ఇద్దరు ఆటగాళ్లు చేతి గ్లవ్స్ విసిరి పారేశారు. రిఫరీలు ఇద్దరూ పక్కకు జరిగి చేతులు కట్టుకుని చూస్తున్నారు, విడదియ్యరు. ఒకడి ముక్కులోంచి రక్తం మంచు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. మా ముందు వరుసలో ఒక బామ్మగారు, మనవణ్ణి ఒళ్లోంచి దింపి లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఇద్దరికీ ఐదేసి నిమిషాల పెనాల్టీ. ఐదు నిమిషాలైతే మళ్లీ ఆటలోకి. ఒక కుర్రాడు చిన్న పార పట్టుకుని వచ్చి ఆ రక్తం గీకేసి పోయాడు, ఊరి పంచాయతీ మనిషి చెత్త ఎత్తినంత మామూలుగా.

హాకీలో కొట్టుకుంటే అది సంప్రదాయం, బాస్కెట్‌బాల్‌లో కొట్టుకుంటే సంస్కృతి చెడిపోయింది! హాకీవాళ్లు దాదాపుగా అందరూ తెల్లవాళ్లు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో నూటికి 70 మందికి పైగా నల్లవాళ్లు. మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు, అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని.

హాకీలో తోటి ఆటగాణ్ణే కొడతారు గానీ ప్రేక్షకుల జోలికి పోరు కదా అని మీరనొచ్చు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. 1979 డిసెంబర్ 23న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బోస్టన్ బ్రూయిన్స్ అనే హాకీ జట్టు ఆటగాళ్లు గుంపుగా అద్దాలెక్కి స్టాండ్స్‌లోకి దిగారు. మైక్ మిల్బరీ ఒక ప్రేక్షకుడి కాలి బూటు ఊడదీసి దాంతోనే ఆయన్ని కొట్టాడు. శిక్ష? మిల్బరీకి ఆరు మ్యాచ్‌లు, జట్టులో అందరికంటే ఎక్కువ పడ్డవాడికి ఎనిమిది. ఎనిమిదెక్కడ, 86 ఎక్కడ. మధ్యలో పాతికేళ్లు గడిచాయి, కాలం మారింది, లీగులు కూడా వేరు, ఒప్పుకుంటాను. కానీ మిల్బరీ ఆ తర్వాత కోచ్ అయ్యాడు, మేనేజర్ అయ్యాడు, టీవీలో విశ్లేషకుడయ్యాడు, ఆ బూటు కథ అందరూ నవ్వుకునే జోకయింది.

ఆర్టెస్ట్ గొడవ ఒక్క ఆర్టెస్ట్‌తో పోలేదు. ఏడాది తిరక్కుండానే, 2005 అక్టోబరులో, ఎన్‌బీఏ ఆటగాళ్లందరికీ డ్రెస్ కోడ్ పెట్టింది. స్టేడియానికి వచ్చేటప్పుడు టీషర్టు వద్దు, బట్టల పైకి గొలుసులు వద్దు, లోపల చలువ కళ్లద్దాలు వద్దు, చెవుల్లో హెడ్‌ఫోన్లు వద్దు. గొలుసుకీ పిడిగుద్దుకీ సంబంధమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. బాస్కెట్‌బాల్ స్టార్ అలెన్ ఐవర్సన్ అప్పుడే అన్నాడు, టక్సీడో తొడిగినంత మాత్రాన మనిషి మంచివాడైపోతాడా అని. మెకార్టీ ఫొటో చూసి హాకీ వాళ్లందరి బట్టలూ మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఇంకోటి, ఎప్పుడూ కొట్టుకోవడమే అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు. 2014 జనవరిలో రిచర్డ్ షెర్మన్ అనే నల్ల ఆటగాడు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చివర్లో బంతిని తప్పించి జట్టుని ఫైనలైన సూపర్ బౌల్‌కి చేర్చి, ఆ ఊపులో టీవీ మైకు ముందు అరిచాడు. ఎవర్నీ కొట్టలేదు, బూతు మాట్లాడలేదు. ఆ వారమంతా టీవీల్లో "థగ్" అన్న మాట మోగింది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్నవాడు. "ఈ రోజుల్లో నల్లవాళ్లని తిట్టే ఆ పాత బూతుమాట అనలేరు కాబట్టి దాని బదులు థగ్ అంటున్నారు" అన్న అర్థంలో చెప్పాడు, అదే వారం ఒక హాకీ మ్యాచ్‌లో ఆట మొదలైన రెండు సెకన్లకే అందరూ కొట్టుకున్నారు, వాళ్లనెవరూ అనలేదేం అని కూడా అడిగాడు. లాటిన్ అమెరికా కుర్రాళ్లకి బేస్‌బాల్‌లో ఇంకో రకం. హోమ్‌రన్ కొట్టి సంతోషంగా బ్యాట్ గాల్లోకి విసిరితే అమర్యాద. 2015లో డొమినికన్ ఆటగాడు హొసే బౌటిస్టా అలా విసిరితే ఏడాదంతా చర్చే. కొరియాలో అయితే అది రోజూ జరిగే ముచ్చట, ఎవరూ పట్టించుకోరు.

ఆ "థగ్" అన్న మాట ఎక్కడిదో తెలుసా? మనదే. ఠగ్గులని ఉత్తరాది దారిదోపిడీ ముఠాల పేరు, తెల్లదొరలు ఇంగ్లీషులోకి పట్టుకుపోయారు. 1871లో కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలని చట్టం చేసిందీ వాళ్లే. మాకు దగ్గర్లోనే బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది, అలా ముద్రవేసిన ఎరుకలవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటు. ఆ చట్టం 1952లో పోయింది. నా చిన్నప్పుడు, అంటే చట్టం పోయిన ముప్పై ఏళ్లకి, బస్సులో ఎవరైనా స్టువర్టుపురానికి టికెట్ అడిగితే పక్కవాడు జేబు తడుముకోవడం నేను చూశాను. మా నాన్న కూడా తడుముకున్నాడు.

ఇదంతా పేపర్లో చదివితే వచ్చిన జ్ఞానం కాదు. మా అబ్బాయి స్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. వాడి స్నేహితుడు నల్లపిల్లాడు, మా ఇంటికొస్తే మా ఆవిడ చేసిన పులిహోర రెండోసారి పెట్టించుకుంటాడు. ఒక మ్యాచ్‌లో అవతలివాడి షాట్ ఆపి గట్టిగా ఒక అరుపు అరిచాడు, రిఫరీ వెంటనే ప్రవర్తన బాగాలేదని టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. తర్వాత వారం మావాడు దూరం నుంచి బుట్టలో వేసి, అవతలి జట్టు బెంచీ వైపు తిరిగి నాలుక బయటపెట్టాడు. నాకే సిగ్గేసింది. రిఫరీ వచ్చి వాడి భుజం తట్టి "ఈజీ, బడ్డీ" అని నవ్వి వెళ్లిపోయాడు. రిఫరీలు వేరు వేరు, రెండు మ్యాచ్‌లు చూసి లోకం తీరు తేల్చెయ్యకూడదు, నిజమే. కానీ ఇంటికొస్తుంటే కారులో వాడే అన్నాడు, "డాడీ, నేను చేసింది వాడు చేసుంటే గేమ్ నుంచి పంపేసేవాళ్లు" అని. నేను రేడియో సౌండ్ పెంచాను.

ఎన్‌బీఏ రిఫరీల మీద జస్టిన్ వోల్ఫర్స్, జోసెఫ్ ప్రైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పదమూడు సీజన్ల లెక్కలు తీశారు. రిఫరీలు తమ రంగు కాని ఆటగాళ్ల మీద కొద్దిగా ఎక్కువ ఫౌల్స్ ఇస్తున్నారని తేలింది, నల్ల రిఫరీలైనా అంతే. 2007లో అది పేపర్లకెక్కింది, ఎన్‌బీఏ ఒప్పుకోలేదు, గొడవ చేసింది. వింతేమిటంటే, ఆ తర్వాతి ఏళ్ల లెక్కలు మళ్లీ తీస్తే ఆ తేడా కనపడలేదు. పేపర్లో పడ్డాక ఎవరూ కొత్త రూలు పెట్టలేదు, రిఫరీలకి శిక్షణ ఇచ్చిందీ లేదు.

మనవాళ్ల సంగతి కూడా ఒక ముక్క. మావాడు బాస్కెట్‌బాల్‌లో చేరాడని తెలిసి ఉగాది పార్టీలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "ఏమయ్యా, టెన్నిస్ వేయించలేకపోయావా, ఆ బ్యాచ్‌తో ఎందుకు" అన్నాడు. ఏ బ్యాచో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు, గారె తింటూ "చూద్దాం సార్" అన్నాను. మా అమ్మ భయం కూడా అదే భయం, తేడా ఏమిటంటే ఆమెకి ఆ భయం మీ పేజీ నుంచి వచ్చింది.

నల్ల ఆటగాళ్లు తప్పు చేస్తే రాయొద్దని నేననడం లేదు. 2014లో ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్ లిఫ్ట్‌లో కాబోయే భార్యని కొట్టి పడేశాడు, వీడియో అందరం చూశాం, వాణ్ణి వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. రాయండి. కానీ ఇంకోసారి ఆటల్లో గొడవల మీద పేజీ కడితే ఆరు ఫొటోల్లో ఒకటి 1997 మార్చి 26 నాటిది పెట్టండి. ఏజెన్సీలో దొరక్కపోతే నాకొక మెయిల్ పెట్టండి, మా పక్క సీటాయన ఫ్రేమ్ నుంచి ఫోన్‌లో తీసి పంపిస్తాను. ఆయన ఏమీ అనుకోడు, పైగా అద్దం తుడిచి మరీ తీయనిస్తాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
ట్రాయ్, మిషిగన్