క్రూషా ఆడవాళ్ళు

పద్మా,

ఎలా ఉన్నావే? మొన్న నేను పంపిన ఫోటో చూసి, ఆ సీసాలో ఉన్నది పండుమిర్చి పచ్చడేనా అని అడిగావు. మెసేజ్‌లో రెండు ముక్కలు రాస్తే సరిపోయేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చున్నా.

దాన్ని అయ్వార్ అంటారు. మా పక్కింటావిడది కొసావోలోని ప్రిజ్రెన్. అక్కడివాళ్ళు ఇక్కడ జర్మనీలోనూ, స్విట్జర్లాండ్‌లోనూ బోలెడంతమంది ఉన్నారు. సెప్టెంబరు వచ్చిందంటే పొడుగాటి ఎర్ర క్యాప్సికమ్‌లాంటి కాయలు, అసలు కారం ఉండనివి, బస్తాలకొద్దీ కొని నిప్పుల మీద కాలుస్తారు. తొక్క నల్లబడి పొంగాక మూతపెట్టి మగ్గనిస్తారు. తర్వాత ఒక్కో కాయా చేత్తో ఒలిచి, గింజలు తీసి, రుబ్బి, నూనె, ఉప్పు వేసి, అడుగంటకుండా గంటలకొద్దీ తిప్పుతూనే ఉండాలి. నేనూ కూర్చుని ఒలిచాను. ఆ మసి గోళ్ళ సందుల్లోకి దూరి ఎంత కడిగినా వదల్లేదు. ఒలుస్తూ ఉండగానే ఆవిడ, తమ ప్రాంతంలో ఇదే అయ్వార్ అమ్మి నిలదొక్కుకున్న ఫహ్రియే హోతి అనే ఆవిడ గురించి చెప్పింది.

ప్రిజ్రెన్ నుంచి గ్యాకొవా వెళ్ళే దారిలో క్రూషా ఎ మాదె అనే ఊరుంది. అప్పట్లో కొసావో సెర్బియా కింద ఉండేది, అక్కడ ఎక్కువమంది అల్బేనియన్లే. వాళ్ళ మీద సెర్బియా దాడులు ఆపించడానికని 1999 మార్చి 24న అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో బాంబులు వేయడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్నే సెర్బియా బలగాలు ఆ ఊరి మీద పడ్డాయి. ఆడవాళ్ళనీ పిల్లల్నీ విడదీసి అల్బేనియా వైపు తరిమేసి, మగవాళ్ళని చంపేశారు. చనిపోయినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి 240 మందికి పైనే. ఒక్క ఊళ్ళో దాదాపు 140 మంది ఆడవాళ్ళు భర్తల్ని పోగొట్టుకున్నారు. జూన్‌లో నాటో సైన్యం వచ్చాక వీళ్ళు తిరిగొస్తే ఇళ్ళు కాలిపోయి ఉన్నాయి.

ఫహ్రియే భర్త జాడ తెలియనివాళ్ళలో ఒకడు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. పోయాడని ఏడవడానికి శవం లేదు, వస్తాడని చెప్పేవాళ్ళూ లేరు. కొసావో మొత్తంలో ఇప్పటికీ 1,500 మందికి పైగా ఏమయ్యారో తెలియదు. తర్వాత సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ దగ్గర బతాయ్నిత్సాలో సామూహిక సమాధులు బయటపడ్డాయి. చంపినవాళ్ళని అంత దూరం లారీల్లో తీసుకెళ్ళి దాచారు! ఇది విన్నప్పుడు నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

ఇక ఊరి కట్టుబాట్లు. భర్త పోయినా ఆడది అత్తింట్లోనే ఉండాలి. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లల్ని వాళ్ళ నాన్న తరఫువాళ్ళకి వదిలి వెళ్ళాలి. బయట పనిచేయడం తప్పు. భర్త జాడ తెలియకుండానే సంపాదనకి బయల్దేరితే అతని మీద ఆశ వదిలేసుకుందన్నట్టు చూస్తారట. ఫహ్రియే డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుంటే ఊరంతా గుసగుసలే. నాకు మీ పిన్ని గుర్తొచ్చింది పద్మా. బాబాయ్ పోయాక ఆవిడ స్కూటీ నేర్చుకుంటే మన వీధిలో ఎన్నెన్ని మాటలన్నారు! ఒక్కపూట ఆ పిల్లలకి అన్నం పెట్టనివాళ్ళు కూడా ఆవిడ ఎలా ఉండాలో చెప్పడానికి మాత్రం ముందుకొచ్చారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

వీళ్ళకి కొత్త విద్య ఏదీ రాదు. ఆ ప్రాంతంలో మిరప బాగా పండుతుంది, అయ్వార్ ప్రతి ఇంట్లోనూ పెట్టేదే. అందుకని ఫహ్రియే దాన్నే పట్టుకుంది. తనలాంటి ఆడవాళ్ళని కూడగట్టి, సీసాల్లో నింపి, తానే షాపులకి తిప్పింది. 2010లో అది క్రూషా పేరుతో సహకార సంఘమైంది. ఇప్పుడు పదుల సంఖ్యలో ఆడవాళ్ళకి అక్కడ పని దొరుకుతోంది, సరుకు విదేశాలకీ వెళ్తోంది.

నాకు మాత్రం డబ్బు కంటే వాళ్ళు కలిసి కూర్చోవడమే పెద్ద విషయం అనిపిస్తుంది. సహాయం కింద వచ్చే బియ్యమో, పిండో ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా వండుకుని తింటారు. కాయలు ఒలవాలంటే పదిమందీ ఒకచోట చేరాలి. అక్కడ మాట్లాడుకోవచ్చు, ఏడవచ్చు, భర్త పేరు పైకి చెప్పుకోవచ్చు. ఇంట్లో అత్తగారి ముందు అవేవీ కుదరవు కదా. పైగా ఒక్కతే వెళ్తే ఎవరైనా మాట అంటారు గానీ, ఊళ్ళో ఇంతమంది ఆ పనిలోనే ఉంటే ఎవరిని అంటారు?

మీ పిన్నికి ఈ ఉత్తరం చదివి వినిపించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? డాక్టర్ ఏమన్నాడో రాయి. చిన్నాడి పరీక్షల టెన్షన్‌లో నువ్వు తిండి మానేయకు.

నీ
రమ